సూది మరిగినదా?

పుష్య మాఘ మాసములు దాటిన తరువాత నందిపేట చుట్టుపట్ల పల్లెలకు పోయినవారికి ఊరికన్న ముందు ఒక వాసన ఎదురగును. చేలలో త్రవ్వి తీసిన పసుపుకొమ్ములను పెద్ద కడాయిలలో పోసి ఉడికించే వాసన అది. ఆర్మూరు ప్రాంతపు రైతుకు ఈ పనిలో గడియారము అక్కరలేదు. నురుగు పైకి పొంగును; ఆవిరి తెల్లగా లేచును; ఘాటైన వాసన ఒకటి బయలుదేరును. అప్పుడొక కొమ్మును పైకి తీసి మొనలేని పుల్లతో గుచ్చి చూతురు. పుల్ల మెత్తగా దిగినచో ఉడికినట్లు. తక్కువ ఉడికిన కొమ్ము పెళుసుబారును, ఎక్కువ ఉడికినదాని రంగు చెడును. ఎటు తప్పినను నిజామాబాదు మార్కెట్టులో ధర పడిపోవును. కనుక గుర్తు తెలియని మనిషిని ఎవరును కడాయి దగ్గర నిలబెట్టరు.

నేడు చెప్పదలచినది పసుపును గురించి కాదు. ఆ కడాయి ప్రక్కనే చిన్న గిన్నెలో ఒక ఇంజక్షను సూదిని వేసి మరిగించినామనుకొనుడు. అది ఎప్పుడు ఉడికినది? దాని రంగు మారదు, వాసన రాదు, పుల్ల దిగదు. లోపలికి పోయినప్పుడు ఎట్లున్నదో బయటికి వచ్చినప్పుడును అట్లే మెరయుచుండును. దానిమీది సూక్ష్మజీవులు చచ్చినవా బ్రతికినవా అను సంగతి సూది చెప్పదు. చెప్పవలసినది ఒక కాగితము: ఇన్ని నిమిషములు మరిగింపుము, ఇట్లు విడదీయుము, ఇట్లు పట్టుకొనుము అని వ్రాసిన సూచన. ఒకరికి వాడి, శుభ్రపరచి, మరల ఇంకొకరికి వాడే వైద్య పరికరముల చరిత్ర సగము లోహమును గాజును గురించిన చరిత్ర. మిగిలిన సగము ఆ కాగితపు చరిత్ర. మొదటి సగమును పుస్తకములు బాగుగానే వ్రాసినవి. రెండవ సగమును ఇక్కడ కొంత చెప్పుకొందము.

ఆర్మూరునుండి హైదరాబాదు పోవు పెద్ద బాటమీద డిచ్‌పల్లి ఉన్నది. అక్కడి కుష్ఠురోగుల ఆసుపత్రి పేరు ఈ జిల్లాలో వినని ఇల్లు లేదు. స్కాట్లండునుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్, మొదట నిజామాబాదులో చిన్న ఆశ్రయముతో ప్రారంభించి, నర్సాగౌడ్ అను దాత ఇచ్చిన ధనము సాయముతో 1915లో డిచ్‌పల్లికి తరలినారు. ఆమె 1932లో మరణించినది. ఆ కాలమున కుష్ఠువ్యాధికి ఉన్న ముఖ్యమైన మందు హిడ్నోకార్పస్ అను చెట్టు గింజలనుండి తీసిన నూనె. కడుపులోకి పుచ్చుకొన్నచో వాంతి, వికారము. అందుచేత కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ వంటి వైద్యులు దానిని సూదిద్వారా ఎక్కించే పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినారు. ఒకటి రెండు సూదులతో తీరే వైద్యము కాదది. వారములు, నెలలు, సంవత్సరములు సాగవలెను. రోగులు వందల మంది, సూదులు కొన్ని.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఇంటిపని చేసేవారికి నేను దానిని వివరించనక్కరలేదు. జిడ్డు పట్టిన గిన్నెను తోమకుండ వేడినీటిలో ముంచి తీసిన ఏమగును? నీరు వేడిగానే ఉండును, గిన్నె జిడ్డుగానే ఉండును. నూనె ఎక్కించిన సిరంజి గోడకు అంటుకొన్న జిడ్డు పొర క్రింద సూక్ష్మజీవి దాగియుండగలదు. మరుగు నీరు దానిని సరిగా తాకజాలదు. కనుక ముందు కడుగుట, తరువాత మరిగించుట. ఈ రెండును రెండు వేరువేరు పనులు. కడుగనిదానిని ఎంత మరిగించినను లాభము తక్కువ. నూరేండ్ల తరువాత, నేడు వాడే అతి ఖరీదైన పరికరముల సూచనాపత్రములలోనూ మొదటి వాక్యము ఇదే. మనుషులు ఎక్కువగా దాటవేసే వాక్యమును ఇదే.

డిచ్‌పల్లి ఆసుపత్రికి పదమూడేండ్ల ముందు, పంజాబులోని ముల్కోవాల్ అను గ్రామములో ఒక విషాదము జరిగినది. ప్లేగు దేశమును తినివేయుచున్న రోజులవి. హాఫ్కిన్ బొంబాయిలో తయారుచేసిన ప్లేగు టీకాను 1902 అక్టోబరు 30న ఆ ఊరిలో 107 మందికి వేసినారు. వారిలో 19 మందికి ధనుర్వాతము సోకినది. 19 మందియు మరణించినారు. ఆ 19 మందికిని మందు ఒకే సీసానుండి వచ్చినది. సీసా గుర్తు 53ఎన్. ప్రయోగశాలలో కార్బాలిక్ ఆమ్లము కలుపుట మానివేసినందువల్లనే ఇట్లు జరిగినదని మొదట నింద వేసి, హాఫ్కిన్‌ను పదవినుండి తప్పించినారు. తరువాత కాగితములన్నియు వెదకి చూడగా వేరొక సంగతి బయటపడినది. సీసా బిరడాను లాగే పటకారు నేలమీద పడినదట. సహాయకుడు దానిని తగినంతగా శుద్ధి చేయకయే మరల ఉపయోగించినాడట. ధనుర్వాతపు బీజములు ఉండే చోటు ఆ మట్టియే. ఈ అన్యాయమును గురించి లండను టైమ్స్ పత్రికకు లేఖలు వ్రాసి పోరాడినవారిలో రొనాల్డ్ రాస్ ఒకరు. 1897లో మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా జీవిని చూచిన రాస్ ఆయనే. 1907లో హాఫ్కిన్ నిర్దోషి అని తేలినది.

చరిత్రకారులు ఈ కథను ఒక శాస్త్రజ్ఞునికి జరిగిన అన్యాయముగా చెప్పుదురు. అది నిజమే. కాని నాకు ఆ సహాయకుని చేయి కూడ కనబడుచుండును. ఎదుట బారులు తీరిన జనము. క్రింద దుమ్ము. పటకారు జారినది. ఆ క్షణమున ఏమి చేయవలెనో అతనికి ఎవరైన చేసి చూపినారా? చేతికి అందే దూరములో నిప్పు ఉన్నదా? రెండవ పటకారు ఒకటి ఇచ్చినారా? “జాగ్రత్తగా ఉండుము” అని వ్రాయుట తేలిక. జారిపడిన పటకారును గురించి ముందే ఆలోచించి వ్రాయుట కష్టము.

గాజు సిరంజిల కాలము చాల దీర్ఘమైనది. మనలో చాలమంది దానిని చూచినవారమే. నికెలు పూత పూసిన పొడవాటి డబ్బా, లోపల చిల్లుల తట్ట, క్రింద స్పిరిటు దీపము. గాజు గొట్టము వేరు, అందులో ఆడే దండము వేరు. రెండింటిని విడదీసి మరిగింపవలెను. కలిపి మరిగించినచో వేడికి వ్యాకోచించి పగులును. సూది రంధ్రములో ఉండే సన్నని తీగను తీసివేయవలెను. ఉప్పునీరు వాడినచో లోపల సున్నము పేరుకొని దండము బిగిసిపోవును, సూది మూసికొనిపోవును. బోరు నీరు త్రాగే ఊళ్లలో ఇది నిత్యానుభవము. మరుగుట ప్రారంభమైన నిమిషమునుండి 20 నిమిషములు లెక్కపెట్టవలెను. అప్పటికిని ధనుర్వాతము వంటి వ్యాధుల మొండి బీజములు చచ్చునన్న పూచీ లేదు. వాటికి ఒత్తిడిలోనున్న ఆవిరియే కావలెను.

ఇక ఆ సూచనను మన భాషలో ఎట్లు వ్రాయవలెను? ఇది చిన్న ప్రశ్న కాదు. “నీరు కాచి” అన్నచో స్నానమునకు కాచిన నీరును కాచినదే. “ఉడుకు నీరు” అన్నచో మన తెలంగాణములో చేయి పెట్టగల వేడినీరు సైతము ఉడుకు నీరే. చలికాలమున పిల్లవానికి పోసేది ఉడుకు నీళ్లే గదా. కోస్తా ప్రాంతమువారు “మరుగు” అన్నదానిని మన ముసలమ్మలు “మసులుట” అందురు, “తెర్లుట” అందురు. ఇంగ్లీషులో ఒక మాటతో నిర్ణయమైపోయిన ఉష్ణము తెలుగులోనికి వచ్చునప్పటికి నాలుగు మాటలుగా చీలిపోవును. వాటిలో రెండింటికి సూక్ష్మజీవి చావదు. ఆదిలాబాదులో ఒక విధముగా, గుంటూరులో మరొక విధముగా అర్థమయ్యే మాటను ఒకే కాగితముమీద అచ్చువేసి ఊరూర పంచినచో, తప్పు చదివినవానిదా, వ్రాసినవానిదా?

నా బాల్యమునాటి సంగతి ఒకటి జ్ఞాపకము వచ్చుచున్నది. జ్వరముతో ఉన్న నన్ను మా అవ్వ ఒక కాంపౌండరు దగ్గరకు తీసికొనిపోయినది. గది నిండ జనము. దీపముమీద డబ్బా మరుగుచున్నది. ఆయన అప్పుడే ఒకరికి వేసిన సూదిని అలవాటుగా ఆ మరిగే నీటిలో పడవేసి, మరల పటకారు అందుకొన్నాడు.

“సారూ, నీళ్లు మసిలినయా?” అని మా అవ్వ అడిగినది.

“మసులుతనే ఉన్నయి గదవ్వా. కుతకుత అంటలేదా?”

“నీళ్లు మసిలినయి నాయనా. గిప్పుడేసిన సూది గూడ మసిలినట్టేనా? ఉడికిన పసుపుల పచ్చికొమ్ము ఏస్తే అది గూడ ఉడికినట్టేనా?”

గదిలో కొందరు నవ్వినారు. ఆయన నవ్వలేదు. చేతిలోని పటకారును క్రింద పెట్టి, గోడ గడియారమువైపు చూచి, “నిజమే అవ్వా, కూసో” అన్నాడు. మేము ఇరువది నిమిషములు కూర్చుంటిమి. నాకు మాత్రము ఆ ఇరువది నిమిషములు సూది తప్పినదన్న ఆశతో గడచినవి, తప్పలేదు.

అక్షరము రాని మా అవ్వ పట్టుకొన్న తప్పును చదువుకొన్నవారు చాలకాలము పట్టుకొనలేకపోయినారు. మధ్యలో క్రొత్త వస్తువును వేసినచో లెక్క మొదటికి రావలెను. కాని డబ్బా మూతమీద అతికించే సూచన ఉదయము ఒకసారి మరిగించే వైద్యుని ఊహించి వ్రాసినది. రోజంతయు జనము వచ్చుచుండగా, మూడు సిరంజిలతో నడిపే మనిషిని అది ఊహించలేదు.

అంతకన్న పెద్ద పొరపాటు మరొకటి ప్రపంచమంతటను నడచినది. సూదిని మార్చి, సిరంజిని మాత్రము అట్లే ఉంచి, ఒకరి తరువాత ఒకరికి మందు ఎక్కించుట. చర్మములోనికి పోయేది సూది గదా, సిరంజి బయటనే ఉన్నది గదా అని తర్కము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటనులో సుఖవ్యాధుల వైద్యశాలలలో ఆర్సెనిక్ మందు పుచ్చుకొన్నవారికి కామెర్లు వచ్చుట చూచి వైద్యులు మొదట మందునే అనుమానించినారు. తీరా చూడగా, సూదిని తీసివేయునప్పుడు రక్తపు అణువు వెనుకకు సిరంజిలోనికి పీల్చబడుచున్నది. 1945లో ఆ దేశపు వైద్య పరిశోధనా మండలి సిరంజిల శుద్ధిని, వాడుకను గురించియే ప్రత్యేకముగా ఒక పుస్తిక ప్రచురింపవలసివచ్చినది.

పుస్తిక వచ్చినది గాని అందరి చేతికి రాలేదు. ఈజిప్టు దేశములో నైలునది కాలువలలో పనిచేసే రైతులకు నత్తలద్వారా సోకే ఒక పురుగు వ్యాధి ఉండెను. దానికి టార్టార్ ఎమెటిక్ అను మందును రక్తనాళములోనికి వరుసగా అనేక వారములు ఎక్కించేవారు. 1980ల వరకును లక్షలాది ప్రజలకు ఈ వైద్యము జరిగినది. 1964లో అక్కడికి పోయిన ఒక పరిశీలకుడు ఒక వైద్యుడు గంటలోపల అయిదువందలకు పైగా మనుషులకు సూదివేయుట చూచి, ఆయన చేతివాటమును మెచ్చుకొన్నాడు. ఆ వేగములో సిరంజి మరుగునీటిలో ఎంతసేపు ఉండగలదో ఎవరికివారే లెక్కవేసికొనవచ్చును. అప్పటికి పేరైన పెట్టని ఒక కాలేయపు వైరసు, నేడు హెపటైటిస్-సి అనబడేది, ఆ సిరంజిలవెంట ఊరూర నడచినది. లోకములో ఆ వ్యాధి అత్యధికముగా పాకిన దేశముగా ఈజిప్టు మారుటకు కారణము ఇదేనని 2000లో పరిశోధకులు లాన్సెట్ పత్రికలో వెల్లడించినారు. వేసినవారు దుర్మార్గులు కారు. మంచిపని చేయుచున్నామని నమ్మినవారు. వారి ఎదుట ఒక కొలత ఉండెను: ఎంతమందికి వేసితిరి? ఎంతసేపు మరిగించితిరి అను కొలత లేదు.

ఇంతవరకు తప్పిపోయిన కథలే చెప్పితిని. తప్పని కథయు ఒకటున్నది. అది మన పల్లెలన్నిటిలో జరిగినది.

మశూచి టీకాకు మన దేశములో చాలకాలము పండ్ల చక్రము వంటి పరికరమును వాడినారు. చర్మముమీద నొక్కి త్రిప్పినచో గాయమగును, నొప్పి, చీము. పండ్ల సందులను శుభ్రపరచుట కష్టము. టీకా వేసేవాడు వచ్చుచున్నాడని తెలిసి పిల్లలను గాదెలలో దాచిన తల్లులు ఉండిరి. 1960ల మధ్యలో అమెరికాలో బెంజమిన్ రూబిన్ అను శాస్త్రజ్ఞుడు కుట్టుమిషను సూదినుండి ఆలోచన తీసి, కొన రెండుగా చీలిన సూదిని తయారుచేసినాడు. ముంచినచో రెండు కొనల నడుమ సరిగా ఒక మోతాదు మందు నిలుచును. వెనుకటి పద్ధతిలో 25 మందికి చాలే మందు 100 మందికి చాలినది.

ఈ సూది గొప్ప అందరు చెప్పుదురు. సూచన గొప్ప ఎవరును అంతగా చెప్పరు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఆ సూదితోపాటు ఏమేమి వ్రాయవలెనో మాత్రమే కాక, ఏమేమి తీసివేయవలెనో కూడ ఆలోచించినారు. మొదటిసారి టీకాకు తక్కువ పోట్లు, రెండవసారికి ఎక్కువ పోట్లు అను తేడాను తొలగించి, ఎవరికైనను 15 పోట్లు అన్నారు. టీకాకు ముందు చర్మమును మందుగుడ్డతో తుడువుమన్న పాత నియమమును ఎత్తివేసినారు. ఏలయనగా పొలములోను సంతలోను ఆ తుడుపు ఒకే గుడ్డతో పదిమందికి జరుగును. శుభ్రము తెచ్చుటకు బదులు మురికిని పంచును. కంటికి కనబడే మట్టి ఉన్నచో నీటితో కడుగుట చాలును. వాడిన సూదులు ఒక చోట, మరిగించినవి ఒక చోట. సాయంత్రము అన్నిటిని కలిపి ఒకేసారి మరిగించుట. చదువు తక్కువైన కుర్రవానికిని పావుగంటలో ఈ పని నేర్పవచ్చునని తేలినది. భారతదేశములో చివరి మశూచి రోగి 1975 మేలో కనబడినది. 1977లో దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రకటించినారు.

ఒక నియమమును ఎత్తివేయుటకు ధైర్యము కావలెను. కాగితముమీద ఉన్నదానిని అట్లే ఉంచి, జరుగకపోయినచో క్రిందివానిని తిట్టుట ఏ కార్యాలయములోనైనను సులభమైన దారి.

ఇక ఆవిరిని గురించి. 1679లో డెనిస్ పాపిన్ బిగువు మూతగల పాత్రలో ఎముకలను మెత్తగా ఉడికించి చూపినాడు. సరిగా రెండువందల ఏండ్లకు, 1879లో, పాశ్చరు శిష్యుడు షాంబర్లాన్ అదే సూత్రముతో ఆటోక్లేవును నిర్మించినాడు. మన వంటింటి కుక్కరు వీరిద్దరికిని బంధువే. 1980లలో ప్రపంచ ఆరోగ్యసంస్థ, యూనిసెఫ్‌ల ప్రోత్సాహముతో పిల్లల టీకాల కొరకు కుక్కరు వంటి చిన్న ఆవిరి పాత్రలు పల్లె కేంద్రములకు వచ్చినవి. సిరంజిలు నిలుచుటకు లోపల చట్రము, క్రింద కిరోసిను పొయ్యి. 121 డిగ్రీల ఆవిరిలో 20 నిమిషములు. కూత పెట్టే పాత్రను నమ్ముట మన ఆడవారికి నేర్పనక్కరలేదు. మూడు కూతలకు పప్పు, ఐదు కూతలకు సెనగలు అని లెక్క వారిదే.

అందులో ఒక చిన్న వస్తువు నన్ను మరీ ఆకర్షించినది. చట్రముతోపాటు పెట్టే కాగితపు ముక్కమీద పసుపుపచ్చని చుక్క ఒకటి. తగినంత కాలము, తగినంత వేడి, తడి ఆవిరి, మూడును కలిసి అందినప్పుడే ఆ చుక్క ముదురు రంగుకు మారును. నేడు ఆసుపత్రులలో శస్త్రపరికరముల మూటకు చుట్టే పట్టీమీద నల్లబడే చారలు దీనికి కొంత బలహీనమైన చుట్టము. అవి వేడి తగిలినదని మాత్రమే చెప్పును, సూక్ష్మజీవులన్నియు చచ్చినవని చెప్పవు. ఏమైనను, మాటలాడని సూదికి ఇన్నాళ్లకు ఒక నోరు వచ్చినది. నందిపేట రైతు పుల్లతో గుచ్చి చూచే గుర్తుకు ఇది సమానము.

కాని కిరోసిను దొరకని దినముండెను, చుక్క కాగితములు అయిపోయిన దినముండెను. 1999లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, యూనిసెఫ్, జనాభా నిధి కలిసి, ఒకసారి వాడిన తరువాత తనంత తాను బిగిసిపోయే సిరంజిలనే టీకాలకు వాడవలెనని పిలుపునిచ్చినవి. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ టీకాల కార్యక్రమములో ఇవి ప్రవేశించినవి. ఆ దశాబ్దపు మధ్యకాలమున దేశమంతటను వ్యాపించినవి. శుభ్రపరచుట అను సూచనను పాటింపజేయలేక, సూచనయే అవసరములేని వస్తువును తయారుచేసినారన్నమాట. ఇది ఓటమియా, గెలుపా? టీకాల విషయమున గెలుపే. దీనివల్ల చెత్త పెరిగినది. ఆ సంగతి మరొక ప్రసంగమునకు తగినది.

అన్నిటిని ఒకసారి వాడి పారవేయుట సాధ్యము కాదు. గొట్టము చివర కన్ను ఉన్న ఎండోస్కోపును చూడుడు. లక్షల విలువ చేయును. హైదరాబాదు నేడు ఈ వైద్యమునకు ప్రపంచములో పేరుపొందిన నగరము. డాక్టరు నాగేశ్వరరెడ్డి పేరు దేశదేశముల వైద్యులు ఎరుగుదురు. ఇటువంటి గొట్టములలో పిత్తనాళమువరకు పోగల ఒక రకమునకు చివర సూక్ష్మమైన మీట ఒకటుండును. ఆ మీట సందులో చిక్కిన మలినమును తీయుట బహుకష్టము. 2012 తరువాత అమెరికాలో సియాటిల్, లాస్ ఏంజెల్స్ వంటి నగరములలో మందులకు లొంగని సూక్ష్మజీవులు ఈ గొట్టముల ద్వారా రోగులకు సోకి కొందరు మరణించినారు. విచారణ జరుగగా, కొన్నిచోట్ల సూచనలను పాటించినప్పటికిని వ్యాధి సోకినట్లు తేలినది.

అంతకు ముందే, 2010లో వెలువడిన ఒక పరిశీలన చదివినవారిని నివ్వెరపరచినది. అమెరికాలోని అయిదు కేంద్రములలో ఎండోస్కోపులను శుభ్రపరచే సిబ్బంది ప్రక్కన నిలబడి చూచినారు. పనికి 12 మెట్లు. చేతితో కడిగినప్పుడు 12 మెట్లను పూర్తిగా చేసినది నూటికి 1.4 సందర్భములలో మాత్రమే. యంత్రము సాయమున్నచోట నూటికి 75.4. ఎక్కువగా వదలివేసినవాటిలో గొట్టము లోపల బ్రష్షుతో తోముట, తుదకు ఆరబెట్టుట ఉన్నవి. అనగా జిడ్డు తీయుట. మనము డిచ్‌పల్లి దగ్గర మాటలాడుకొన్న ఆ మొదటి వాక్యమే.

2015లో అమెరికా ఆహార ఔషధ పాలనా సంస్థ తయారీదారులకు నియమములు విడుదల చేసినది. మరల వాడే పరికరము శుభ్రపడునని ప్రయోగశాలలో రుజువు చేసినచో చాలదు; నిజముగా ఆ పని చేసే మనుషులు ఆ సూచనను చదివి, అర్థము చేసికొని, సరిగా చేయగలుగుదురని కూడ చూపవలెను. దీనిని వాడుక పరీక్ష అనవచ్చును. పద్ధతి సాదాయే. ఆసుపత్రిలో పరికరములు కడిగే పనిలో ఉన్నవారిని కొందరిని పిలుతురు. వాడిన పరికరము, సూచనాపత్రము, తొట్టి, బ్రష్షులు ఎదుట పెట్టుదురు. పరీక్షించేవారు దూరముగా కూర్చుందురు. నోరు విప్పరాదు, అదే కష్టము. చేయి ఎక్కడ ఆగినది, కన్ను ఏ వాక్యమును రెండుసార్లు చదివినది, ఏ బొమ్మను తలక్రిందులుగా చూచినది, ఏ మెట్టును దాటవేసినది వ్రాసికొందురు. తరువాత “ఇక్కడ ఎందుకు ఆగినారు?” అని అడుగుదురు. పదిమందిలో నలుగురు ఒకేచోట తప్పినచో, మార్చవలసినది ఆ నలుగురిని కాదు, కాగితమును. మార్చిన కాగితమును క్రొత్తవారికి ఇచ్చి మరల చూతురు.

ఆ సంవత్సరమే మూడు తయారీ సంస్థలను అటువంటి పరిశీలన జరుపుమని ఆజ్ఞాపించినారు. 2019 నాటికి వచ్చిన ఫలితములలో, శుభ్రపరచిన గొట్టములనుండి తీసిన నమూనాలలో నూటికి అయిదుకు మించి ప్రమాదకర సూక్ష్మజీవులు కనబడినవి. సూచనలను చదివిన సిబ్బందికి కొన్ని భాగములు అర్థము కాలేదని, కొన్ని మెట్లు తప్పినవని తేలినది. చివరి భాగము విడదీసి పారవేయగల గొట్టములకు మారుడని ఆ సంస్థ ఆసుపత్రులకు సలహా ఇచ్చినది. మన దేశములో వైద్య పరికరముల నియమములు 2017లో ప్రకటింపబడి 2018 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినవి. తెలుగులో ఆలోచించి, ఉర్దూలో మాటలాడి, ఇంగ్లీషు అక్షరములను కూడబలుకుకొని పనిచేసే మన ఆయాలకు, వార్డుబాయిలకు ఆ కాగితము ఎట్లు చేరవలెనో ఆలోచించే పని ఇంకను చాల ఉన్నది. ఆ పనిలో మొదట సంప్రదింపవలసినది భాషాపండితులను కాదని నా అభిప్రాయము. “మసులుట” అను మాట వాడే అవ్వలను.

ఇళ్లలోను ఈ కాగితములు చేరినవి. ఉబ్బసమున్న పిల్లవానికి మందు ఆవిరి పట్టే యంత్రము నందిపేట వంటి ఊళ్లలోను నేడు అరుదు కాదు. దాని మూతిగొట్టమును, మందు గిన్నెను విడదీసి, కడిగి, ఆరబెట్టి ఉంచవలెను. తడి మిగిలినచో సూక్ష్మజీవులు అందులోనే పెరిగి, మరునాడు ఆవిరితో నేరుగా ఊపిరితిత్తులకు పోవును. పెట్టెలో ఒక సూచనాపత్రము ఉండును: ఎనిమిది మడతలు, చీమ తలకాయంత అక్షరములు, చాలసార్లు ఇంగ్లీషు. మొన్న మా ఇంట దానిని మా కోడలి చేతికిచ్చి, ఏమియు చెప్పక ఎదుట కూర్చున్నాను. ఆమె మూడు భాగములను విడదీసినది. నాలుగవది విడివడునని కాగితములో బొమ్మ లేదు. శుభ్రముగా కడిగినది. తుడిచి, తడి ఆరకముందే మూత బిగించి పెట్టెలో పెట్టబోయినది.

“ఎందుకమ్మా అప్పుడే మూసినావు?” అన్నాను.

“ఆరబెట్టమని ఎక్కడుంది మామయ్యా?” అని కాగితమును నా ముందు పరచినది. ఇద్దరము కలిసి వెదకితిమి. ఉన్నది; ఏడవ మడతలో, హామీ షరతుల క్రింద.